హాలంతా తేలిందన్న గుడ్డు

పత్రికలో పోటీ పరీక్షల పేజీ బాధ్యత చూసేవాళ్లకి కొన్నేళ్లకి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరు ఏం అడిగినా నాలుగు జవాబులు వరుసగా కళ్లముందు నిలబడతాయి. "కూర ఏం చేయమంటారు?" అని మా ఆవిడ అడిగితే నా మనసులో ఎ, బి, సి, డి అని పడిపోయేవి. డి ఎప్పుడూ "పైవేవీ కావు". ఒక తెలుగు దినపత్రికలో ఆ పేజీ చాలా ఏళ్లు చూశాను. రిటైరయ్యాక జబ్బు కొంచెం తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏమైనా చెప్పండి సార్ అంటారు. సిలబస్ ఎక్కడ దొరుకుతుందో, పాత ప్రశ్నపత్రాలు ఎలా సంపాదించాలో నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. ప్రమోషన్ల సంగతి చెప్పడానికి నాకు పెద్దగా రాలేదు. నాకు గుర్తున్నవి కొందరు మనుషులు, కొన్ని పొరపాట్లు. అందులో ఎక్కువ భాగం ఒక కోడిగుడ్డు చుట్టూ తిరుగుతుంది.

గోడెక్కే పేజీ

మా ఆఫీసు నారాయణగూడ వైపు ఉండేది. మిగతా పేజీలవాళ్ల పాఠకులు ఎక్కడెక్కడో ఉంటారు. మా పాఠకులు మాత్రం మా వీధి చివరే ఉండేవాళ్లు. కాస్త నడిస్తే చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద, అశోక్‌నగర్ సందుల్లో హాస్టల్ బాల్కనీల్లో, టీ బండ్ల దగ్గర నిలబడి మా పేజీనే చదువుతూ కనిపించేవాళ్లు. ఒక రూములో నలుగురుంటే పేపరు ఒకటే. ఆటల పేజీ ఒకరికి, సంపాదకీయం ఒకరికి, మా పేజీకి మాత్రం వంతులు. సాయంత్రానికి దాన్ని కత్తిరించి గోడకి అంటించేవాళ్లు. రాసేవాడికి అంతకన్నా గౌరవం లేదు, అంతకన్నా భయమూ లేదు. ఒప్పుతో పాటు తప్పు కూడా గోడెక్కుతుంది.

కీలో, అంటే పేజీ చివర వేసే జవాబుల్లో, తప్పొస్తే ఉత్తరాలు రాసేంత దూరంలో లేరు కాబట్టి మనుషులే వచ్చేసేవాళ్లు. ఒకసారి ఇద్దరు రూమ్‌మేట్లు పొద్దున్నే రిసెప్షన్‌లో కూర్చున్నారు.

"సార్, మీరే తేల్చాలె. వీడు బి అంటడు, నేను సి అంటున్న. ఓడినోడు బిర్యానీ పెట్టాలె."

చూస్తే సరైన జవాబు ఎ, మా కీలో పడింది బి. ఆ బిర్యానీ ఎవరు ఎవరికి పెట్టారో నాకు తెలియదు. మా పేజీలో మాత్రం మర్నాడు సవరణ వేసుకున్నాం.

క్యాంటీన్ గుడ్డు

మొదట్లో మా ఇన్‌చార్జి విఠల్ రావు గారు. లెక్కల మాస్టారుగా చేసి, అది వదిలేసి పత్రికలోకి వచ్చిన మనిషి. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. ఆయన పెట్టిన షరతు ఒకటి ఉండేది. పేజీలో ఏ ప్రయోగం వేసినా, రాసినవాడు ముందు దాన్ని ఆఫీసులో ఆయన బల్ల మీద చేసి చూపించాలి. బీకర్లూ గీకర్లూ ఉండకూడదు. హాస్టల్ రూములో దొరికే వస్తువులతోనే జరగాలి.

ఒకసారి ఉత్ప్లవన బలం మీద వ్యాసం వేస్తున్నాం. నీళ్లలో వేసిన వస్తువుని నీళ్లు పైకి నెట్టే బలం అన్నమాట. మంచినీళ్లలో గుడ్డు మునుగుతుంది, ఉప్పు బాగా కలిపిన నీళ్లలో తేలుతుంది. ప్రతి పుస్తకంలోనూ ఉన్నదే. క్యాంటీన్ నుంచి గుడ్డు తెప్పించి, గ్లాసులో మంచినీళ్లు పోసి వేశాను. తేలింది. వెడల్పు వైపు పైకి పెట్టుకుని దర్జాగా తేలింది. ఇంకో గ్లాసు తెచ్చాను. అందులోనూ తేలింది.

విఠల్ రావు గారు గుడ్డు తీసి వాసన చూశారు.

"ఇది సైన్స్ పేజీకి కాదయ్యా, సిటీ పేజీకి పంపించు. క్యాంటీన్‌లో మనకి ఏం తినిపిస్తున్నారో జనానికి తెలియాలి."

గుడ్డు పాతబడేకొద్దీ లోపల గాలి గది పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. ఆ రోజు వ్యాసంలో "తాజా గుడ్డు తీసుకోండి" అని ఒక వాక్యం చేర్చాం. కుర్చీలో కూర్చుని రాసేవాడికి ఆ వాక్యం ఎప్పటికీ తట్టదు. విఠల్ రావు గారి దగ్గర నేను పడ్డ తిట్లన్నీ కలిపినా ఆ వాక్యమంత ఉపయోగపడలేదు. ఆయన రిటైరయ్యాక ఆ షరతు కూడా రిటైరైంది. తర్వాత వచ్చిన ఇన్‌చార్జి మంచివాడే. కానీ ఆయనకి పేజీలో ఎన్ని బిట్లు పట్టాయన్నదే లెక్క. పరీక్షలో నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే చిన్న ప్రశ్నని అక్కడ బిట్టు అంటారు.

నోటిఫికేషన్ రాని ఏళ్లు

రెండువేల తొమ్మిది చివర్లో తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక అశోక్‌నగర్ మారిపోయింది. ఇవాళ బంద్, రేపు ర్యాలీ, ఎల్లుండి వాయిదా. ఉద్యోగాల నోటిఫికేషన్లు వస్తాయన్నవి రాలేదు, వచ్చినవి ఆగిపోయాయి. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉన్నవాళ్లు పొద్దున ఊరేగింపుల్లో నడిచి, మధ్యాహ్నం లైబ్రరీకి వచ్చి, చదివిన పుస్తకమే మళ్లీ చదివేవాళ్లు. పరీక్ష రాకపోయినా వయసు ఆగదు కదా. వయసు పరిమితి దాటుతున్నవాళ్ల ముఖాలు చూస్తే తెలిసిపోయేది. వాళ్లు మా పేజీ చదవడం మానేసి, మొదటి పేజీ చదివేవాళ్లు.

వనజ పరిచయమైంది ఆ రోజుల్లోనే. గొడవతో పరిచయమైంది. నీళ్లలో తేలే మంచుగడ్డ కరిగితే గ్లాసులో నీటిమట్టం ఏమవుతుందని మా పేజీలో ఒక ప్రశ్న. బయటి రచయిత ఒకాయన పంపిన కీలో "పెరుగుతుంది" అని ఉంది. మధ్యాహ్నానికల్లా ఒకావిడ పేపరు చేత్తో పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది.

"పెరగదు సార్. ఎంతుందో గంతే ఉంటది. ఐస్ వేసి చూసిండ్రా ఎవరన్న?"

"ఎవరూ చూడలేదమ్మా."

"మరి రాసుడెట్ల?"

ఆ ప్రశ్నకి నా దగ్గర నాలుగు జవాబుల్లో ఒకటి కూడా లేదు. సవరణ ఆవిడ చేతే రాయించాను. అప్పట్నుంచి వారానికో చిన్న వ్యాసం రాసేది.

వనజది జనగామ దగ్గర ఊరు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. జనగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చెప్పేది. పిల్లలు తగ్గి కాలేజీ సైన్స్ గ్రూపు ఎత్తేసింది. భర్తకి అక్కడే మోటార్ వైండింగ్ షాపు. చిన్నపిల్లయిన కూతురిని అత్తగారి దగ్గర వదిలి, ప్రభుత్వ లెక్చరర్ పోస్టుకి చదవడానికి హాస్టల్లో చేరింది. పోస్టులు పడలేదు. వయసు పరిమితి దగ్గరపడింది. భార్యాభర్తలిద్దరూ ఒక మాట అనుకున్నారు. ఆ ఎండాకాలంలోగా సిటీలో ఏదైనా జీతం దొరికితే సరి, లేకపోతే తిరిగొచ్చి షాపు గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి.

"షాపుల కూసునుడు తక్కువ పనేం కాదు సార్," అంది ఒకసారి. "కానీ నాకొచ్చింది ఫిజిక్స్ ఒక్కటే. అక్కడ కూసుంటే గా ఫిజిక్స్ కూడ మర్చిపోత."

దొరికే జీతం ఒకటే కనిపించింది. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ జనరల్ సైన్స్‌కి ఫ్యాకల్టీ కోసం చూస్తోంది. ముందు డెమో ఇవ్వాలి.

డెమో

తెలియనివాళ్ల కోసం చెబుతాను. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు కోచింగ్ సెంటర్లు ఒకటి రెండు రోజులు ఉచితంగా క్లాసులు పెడతాయి. అదే డెమో. పిల్లలు ఈ సెంటర్లో ఒక గంట, పక్క సెంటర్లో ఒక గంట కూర్చుని, నచ్చినచోట చేరతారు. అంటే అక్కడ పరీక్ష రాసేది పంతులు, మార్కులు వేసేది విద్యార్థులు. ఇంటర్వ్యూ బోర్డు ముందు తడబడనివాళ్లు కూడా ఆ హాల్లో తడబడటం నేను చూశాను.

ఆ సెంటర్ డైరెక్టర్ నర్సింలు. తనూ ఒకప్పుడు గ్రూప్స్ రాసి, ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కొచ్చినవాడే. కింద టిఫిన్ సెంటర్, పైన రెండంతస్తులు తన క్లాసులు. మా పేజీ కోసం ఆయనతో నాకు పరిచయం ఉంది. వనజని తీసుకెళ్లి పరిచయం చేసిందీ నేనే.

"మేడం, మీ సబ్జెక్టు మంచిదే," అన్నాడు నర్సింలు. "కానీ పిలగాళ్లు బిట్టు కోసం వస్తరు. గంటల ఎన్ని బిట్లు కొడితే గంత మంచి ఫ్యాకల్టీ. ఇరవై అయిదు బిట్లు చెప్పుండ్రి, బ్యాచ్ నిండితే జాబ్ మీదే."

"ఒక్క ప్రయోగం చేస్త సార్. అయిదు నిమిషాలే. కోడిగుడ్డు."

"గుడ్లు గిడ్లు పెట్టుకోకుండ్రి మేడం. కింద ఇడ్లీ, పైన ఆమ్లెట్ అనుకుంటరు."

చివరికి అయిదు నిమిషాలకి ఒప్పుకున్నాడు. వెనక బెంచీలకి కూడా కనిపించాలని ఆవిడ ఇరానీ హోటల్ వాళ్లని బతిమాలి రెండు పెద్ద గాజు జాడీలు తెచ్చింది, కౌంటర్ మీద బిస్కెట్లు పెట్టుకునేవి. అంతకుముందు హాస్టల్ రూములో గ్లాసుతో చేసి చూసుకుంది. కానీ గ్లాసుకి మెత్తటి ఉప్పు వాడింది. జాడీకి చాలా ఉప్పు కావాలి కదా, చవకని కిరాణా కొట్లో రాళ్ల ఉప్పు కొంది. దాన్ని కలపడానికి తీరిక పెట్టుకుందామనుకుంది. ఆ తీరిక నర్సింలు తన స్వాగతోపన్యాసంతో తినేశాడు. ఆవిడ నాలుగు తిప్పులు తిప్పి, చెయ్యి తుడుచుకుని పాఠం మొదలుపెట్టాల్సి వచ్చింది.

నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. హాలు నిండిపోయింది. అమ్మాయిలు ఒకవైపు, అబ్బాయిలు ఒకవైపు, అందరి తలలూ నోటుబుక్కుల్లో. వనజ మొదటి జాడీలో, మంచినీళ్లలో గుడ్డు వేసింది. మునిగింది. ఎవరూ తలెత్తలేదు. "మునుగును" అని రాసుకున్న చప్పుడు మాత్రం వినిపించింది. రెండో జాడీలో ఇంకో గుడ్డు వేసి, శీర్షిక రాయడానికి బోర్డు వైపు తిరుగుతూ అడిగింది:

"ఉప్పు నీళ్లల్ల ఏమైంది?"

"తేలింది మేడం!"

హాలు మొత్తం ఒకే గొంతు. కిటికీ అద్దాలు అదిరాయి. నేను పొడుగు కాబట్టి నాకు కనిపిస్తోంది. గుడ్డు జాడీ అడుగున, కరగని ఉప్పు కుప్ప మీద, హాయిగా పడుకుని ఉంది.

వనజ ఇటు తిరిగి చూసింది. గుమ్మంలో నర్సింలు బొటనవేలు పైకెత్తి, ముందుకు పోనివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు. అంత దూరం నుంచి ఆయనకి గుడ్డు కనపడదు. హాల్లో ఎవరూ చూడలేదు. ఆవిడ "కరెక్ట్" అని ఒక్క మాట అంటే అయిపోతుంది. బిట్లలోకి వెళ్లిపోవచ్చు, ఉద్యోగం దొరుకుతుంది, కూతుర్ని తెచ్చుకోవచ్చు. నిజానికి ఆ జవాబు తప్పు కూడా కాదు. పరీక్షలో అదే రాయాలి.

ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"జర తలలెత్తి చెప్పుండ్రి. గుడ్డు యాడుంది?"

ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. "అడుగుల ఉంది మేడం."

"మరి తేలిందని ఎందుకన్నరు?"

మొదటి వరుసలో ఒక అబ్బాయి లేచాడు. ఎగతాళి లేదు, చాలా గంభీరంగా చెప్పాడు. "మునిగింది మేడం. కానీ తేలాలె. కీల తేలుతదనే ఉంటది."

వెనక నుంచి ఇంకో గొంతు. "గుడ్డుకు సిలబస్ తెల్వది మేడం!"

హాలంతా గొల్లున నవ్వింది. వనజ కూడా నవ్వింది. నవ్వు తగ్గాక అడిగింది. "అయితే తప్పు ఎవరిది? గుడ్డుదా, కీదా, నాదా?"

అప్పుడు మొదలైంది. ఉడకబెట్టిన గుడ్డు అని ఒకరు. బోరు నీళ్లు మేడం, మా హాస్టల్ నీళ్లల్ల సబ్బు కూడ నురుగు రాదు అని ఒకరు. చివరికి అమ్మాయిల వైపు నుంచి ఒకామె, "ఉప్పు కరగలే మేడం, కుప్పవడ్డది" అంది. వనజ ఆ అమ్మాయిని పిలిచి చేతికి చెక్క స్కేలు ఇచ్చింది. ఆమె తిప్పుతూ ఉంది, ఈవిడ చెబుతూ ఉంది.

"గుడ్డు లోపలికి పోవాలంటే నీళ్లను పక్కకు జరపాలె. జరిగిన నీళ్లు ఊకుంటయా? పైకి నూకుతయి. ఎంత బరువు నీళ్లు జరిగితే గంత నూకుడు. ఉప్పు కరిగినంకనే నీళ్లు బరువైతయి. కరగకుంట అడుగుల కూసున్న ఉప్పు మనకు ఏం సాయం చేయది."

రాళ్ల ఉప్పు కరగడానికి దాని టైము అది తీసుకుంటుంది. పక్క సెంటర్లో డెమో మొదలయ్యే వేళయింది. వెనక బెంచీల వాళ్లు కొందరు సంచులు సర్దుకుని వెళ్లిపోయారు. గుడ్డు మెల్లగా కదిలింది. అడుగు వదిలి వేలెడంత లేచింది. మధ్యలో కాసేపు వేలాడింది. తర్వాత పైకొచ్చి నెత్తి బయటపెట్టింది. మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇరవై అయిదు బిట్లలో మూడు కూడా పూర్తి కాలేదు.

మెట్ల దగ్గర నర్సింలు పట్టుకున్నాడు. "గంట సేపు ఉప్పు కలుపుకుంట కూసుంటే బ్యాచ్ నిండుతదా మేడం?"

"మునిగింది సార్. తేలిందని ఎట్ల చెప్పాలె?"

"ఎవ్వడు చూడలే గదా!"

"గదే గద సార్ పరేషాన్."

ఇక్కడ ఒక మాట. బిట్లని, వాటిని బట్టీపట్టేవాళ్లని తిట్టడం సులువు. నేను ఆ పని చేయను. ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం పోయి, మళ్లీ ఏళ్ల తరబడి అదే రూములో ఉన్నవాళ్లని నేను చూశాను. ఇంటి దగ్గర వాళ్లకి గుడ్డు మునిగినా తేలినా తేడా లేదు. పోస్టు రావాలి, అంతే. కళ్లెదుట ఉన్నదాన్ని నమ్మితే మార్కు పోతుందన్నది వాళ్లంతట వాళ్లు నేర్చుకున్నది కాదు, ఎవరో నేర్పింది. ఆ నేర్పినవాళ్లలో మా పేజీ కూడా ఉంది.

గుడ్డు మేడం

ఆ క్లాసు మీద నేను ఒక చిన్న కథనం రాశాను. సంస్థ పేరు పెట్టలేదు, వనజ పేరు పెట్టలేదు, జరిగింది జరిగినట్టు రాశాను. అశోక్‌నగర్‌లో పేర్లు అక్కర్లేదు. టీ బండ్ల దగ్గర అదే మాట. "గుడ్డుకు సిలబస్ తెల్వది" అన్నది హాస్టళ్లలో ఊతపదమైంది. ఆ గుడ్డు మేడం ఎక్కడ చెబుతుందని పిల్లలు నర్సింలు దగ్గరికే వచ్చారు. బ్యాచ్ నిండింది. ఆ వారంలోనే ఆయన వనజని పిలిచి ఉద్యోగం ఇచ్చాడు.

నాకు చాలా సంతోషమేసింది. ఆవిడ నల్లకుంటలో ఒక గది కిరాయికి తీసుకుంది. కూతురిని తెచ్చి దగ్గర్లో బడిలో వేసింది. భర్త వారానికోసారి వచ్చి వెళ్లేవాడు.

తర్వాతి బ్యాచ్‌కి కూడలి దగ్గర ఫ్లెక్సీ వెలసింది. దాని మీద మనిషంత గుడ్డు బొమ్మ. నర్సింలు వనజకి చెప్పాడట. "మేడం, మల్ల గట్లనే చేయుండ్రి. మొదలు మునగాలె. పిల్లలు తేలిందనాలె. మీరు జర ఆగి నవ్వాలె. తర్వాత తేలాలె. గదే హిట్టయింది."

ఆవిడ చేసింది. ఆ బ్యాచ్‌కీ, దాని తర్వాతి బ్యాచ్‌కీ, ఆ తర్వాతి దానికీ. ఒకసారి హిమాయత్‌నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా కలిసింది. బాగున్నావా అంటే, "బాగానే ఉన్న సార్" అని బస్సు వచ్చే వైపు చూస్తూ చెప్పింది.

"ఉప్పు కరగకుంట జాగ్రత్త పడుతున్న సార్. రాళ్ల ఉప్పు ఇంక జర పెద్దది ఎక్కడ దొరుకుతదో చూస్తున్న. ఎమ్మెస్సీ చదివి చేసే పని ఇదైంది."

ఈ వృత్తిలో ఎక్కువగా అలిసిపోయేది ఇక్కడే. మనం ఒకటి రాస్తాం. అది జనంలోకి వెళ్లి ఇంకొకటి అవుతుంది. తప్పు రాస్తే సవరణ వేయొచ్చు. ఒప్పు రాసి, అది ఇలా అయితే, దానికి సవరణ వేసే చోటు ఏ పేజీలోనూ లేదు.

సీతాఫలాల కాలం

నా ఉద్యోగం చివరికొచ్చిన రోజుల్లో ఒకసారి ఆవిడే ఫోన్ చేసింది. "సార్, రేపు డెమో ఉంది. తీరిక ఉంటే రాండ్రి." ఎందుకని అడగలేదు. వెళ్లాను.

అదే హాలు. వెనక గోడకి అదే చోటు. ఈసారి పిల్లలు తలలు దించుకుని లేరు. తమాషా చూడటానికి వచ్చినట్టు ముందే నవ్వుతున్నారు. ముందు బ్యాచ్‌ల అన్నలు, అక్కలు చెప్పి పంపారు కదా. వనజ రెండో జాడీలో గుడ్డు వేసి, అలవాటుగా అడిగింది.

"ఏమైంది?"

"మునిగింది మేడం!"

గర్వంగా అరిచారు. ఈసారి మేం మోసపోము అన్నట్టు. కొందరు రాసేసుకున్నారు కూడా. నేను జాడీ వైపు చూశాను. గుడ్డు పైన ఉంది. నెత్తి బయటికి పెట్టుకుని అందరి ఎదుటా తేలుతోంది. తర్వాత వనజ చెప్పింది, ఆ రోజు ఉప్పు ఇంటి దగ్గరే వేడినీళ్లలో పూర్తిగా కరిగించి తెచ్చానని.

వనజ నవ్వలేదు. గరిటెతో గుడ్డు తీసి పక్కన పెట్టింది. ముందు బెంచీలో ఒక అమ్మాయి కాళ్ల దగ్గర సంచి ఉంది.

"అండ్ల ఏమున్నయమ్మా?"

"సీతాఫలాలు మేడం. నారాయణగూడ బండి మీద కొన్న."

"ఒకటి ఇయ్యి. చెప్పుండ్రి, ఇది తేలుతదా, మునుగుతదా?"

ఎవరో మెల్లగా అడిగారు. "జవాబు ఏంది మేడం?"

"నాకు తెల్వది."

"నిజంగనా?"

"ఒట్టు. ఎన్నడు వేసి చూడలే."

తర్వాత ఒకరు పండిందైతే మునుగుతది అన్నారు. ఇంకొకరు గింజలెక్కువ, బరువు, మునుగుడే అన్నారు. తొక్క గరుకు, గాలి పట్టుకుంటది, తేలుతది అని వాదన. ఒకతను పక్కవాడితో చాయ్ పందెం కాశాడు. వెనక బెంచీల వాళ్లు లేచి నిలబడ్డారు, వాళ్లకి అడ్డం వస్తున్నారని ఇంకా వెనకవాళ్లు బెంచీలెక్కారు. గుమ్మంలో నర్సింలు గుడ్డు చూపించి సైగ చేస్తున్నాడు, గడియారం చూపిస్తున్నాడు. వనజ ఆ పండుని నీళ్ల పైన పట్టుకుని, అందరూ ఏదో ఒకటి చెప్పేదాకా ఆగి, వదిలింది.

ఉప్పు నీళ్లు కదా, తేలింది. పందెం గెలిచినవాడు కేక పెట్టాడు. అంతలో ఓడినవాడు, "గది ఉప్పు నీళ్లు మేడం! ఉత్త నీళ్లల్ల వేయుండ్రి!" అన్నాడు. అవును మేడం, వేయుండ్రి అని హాలంతా అందుకుంది. ఆవిడ పండు తీసి మంచినీళ్ల జాడీ వైపు తిరిగింది. నర్సింలు లోపలికొచ్చి మైకు తీసుకున్నాడు. "టైమ్ అయింది. నెక్స్ట్ పాలిటీ సార్ వస్తడు. అందరు కూసోండ్రి."

మెట్ల దగ్గర ఈసారి ఆయన గొంతు పెంచలేదు. అందుకే నాకు భయమేసింది.

"వచ్చే డెమోకు వేరేటాయన వస్తడు మేడం. యాభై బిట్లు కొడ్తడట. మీరు రెగ్యులర్ క్లాసులు చూసుకోండ్రి, అవి ఎన్ని రోజులుంటే గన్ని రోజులు."

అవి ఎక్కువ రోజులు లేవు. ఆవిడ తర్వాత నల్లకుంటలో కూతురు చదివే బడిలోనే టీచరుగా చేరింది. జీతం బాగా తక్కువ. కిరాయి గది మార్చాల్సి వచ్చింది. దీన్ని చెప్పకుండా వదిలేస్తే, మీరు ఇదేదో గెలుపు కథ అనుకుంటారు. కాదు. ఈ పనిలో సరిగ్గా చేసినవాళ్లకి సరైనది దక్కుతుందని నేను మీకు చెప్పలేను. నేను చూసినంతలో ఎక్కువసార్లు దక్కలేదు.

ఆ రోజు ఇద్దరం మెట్లు దిగాం. ఆవిడ రెండు చేతుల్లో రెండు ఖాళీ జాడీలు. కింద టిఫిన్ సెంటర్ ముందు గుంపు. పైన క్లాసులోంచి జారుకుని వచ్చిన పిల్లలు, నీళ్ల డ్రమ్ము చుట్టూ మూగి ఉన్నారు. టిఫిన్ సెంటర్ ఆయన గరిటె పట్టుకుని అరుస్తున్నాడు.

"ఏయ్, తాగే నీళ్లల్ల ఏందిరా గది! తియ్యి ముందు!"

"ఒక్క నిమిషం అన్నా, జర ఆగు. గా సీతాఫలం ఏమైతదో చూడనియ్యి!"

వనజ జాడీలు మెట్టు మీద పెట్టింది. కొంగు సర్దుకుని గుంపు దగ్గరికి వెళ్లి, ముందున్న అబ్బాయి భుజం తట్టింది.

"జర జరుగుండ్రి. నాకు కనిపిస్తలేదు."